టిఫా స్కాన్: బిడ్డ కిడ్నీల విషయంలో ఎంతవరకు నమ్మొచ్చు?

టిఫా అంటే ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నిటినీ వివరంగా చూసే స్కాన్. దాని మీద జనం రాసే అభిప్రాయాలు చదివితే ఎక్కువగా కనిపించేవి మూడే విషయాలు: ఎంతసేపు కూర్చోబెట్టారు, ఎంత తీసుకున్నారు, బిడ్డ ముఖం చూపించారా లేదా. ఇక్కడ మేం ఒక్క అవయవాన్నే పట్టుకుని ఈ పరీక్షను తూచి చూస్తున్నాం. అవి కిడ్నీలు, అందులోనూ వంశపారంపర్యంగా వచ్చే కిడ్నీ జబ్బులు. ఇంట్లో ఎవరికైనా కిడ్నీల నిండా నీటితిత్తులున్నా, ముందు కాన్పులో ఉమ్మనీరు లేక బిడ్డ దక్కకపోయినా, మేనరికం చేసుకున్నా, ఐదో నెల స్కాన్ మీద ఆ కుటుంబం పెట్టుకునే ఆశ అంతా ఇంతా కాదు.

తీర్పు ముందే చెప్పేస్తాం. కిడ్నీలు ఉన్నాయా, ఉండాల్సిన చోట ఉన్నాయా, మూత్రం దారిలో అడ్డు ఉందా, ఉమ్మనీరు సరిపడా ఉందా అనే ప్రశ్నలకు టిఫా చాలా మంచి పరీక్ష. వంశపారంపర్య జబ్బు లేదని భరోసా ఇవ్వడానికి మాత్రం ఒక్క టిఫా చాలదు. 20 వారాలకు మామూలుగా కనిపించిన కిడ్నీలు 28 వారాలకు ఉబ్బి, తెల్లబడి కనిపించడం ఈ జబ్బుల్లో అరుదేమీ కాదు. అలా జరిగిందంటే మొదట స్కాన్ చేసిన డాక్టరు తప్పు చూశారని కాదు, జబ్బు అప్పటికి బయటపడలేదు.

కడుపులో ఉన్నప్పుడు కిడ్నీ చేసే పని వేరు

పెద్దవాళ్లలో ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే రక్తాన్ని వడకట్టే సన్నటి గొట్టాలు ఉంటాయి. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు వీటి గుండానే పోతుంది. రోజుకు 180 లీటర్ల దాకా వడకట్టి, అందులో 99 శాతం తిరిగి రక్తంలోకి లాగేసుకుని, చివరికి లీటరు, లీటరున్నర మూత్రంగా వదులుతాయి. నీరు, ఉప్పు, పొటాషియం, ఆమ్లం ఎంత ఉంచుకోవాలో, ఎంత వదిలేయాలో తేలేది ఈ లాగేసుకునే దశలోనే.

కడుపులో బిడ్డకు ఈ శుభ్రం చేసే పని చేసిపెట్టేది మాయ. బిడ్డ రక్తంలోని మలినాలు మాయ దాటి తల్లి రక్తంలోకి పోతాయి, తల్లి కిడ్నీలు వాటిని బయటికి పంపుతాయి. అందుకే రెండు కిడ్నీలూ పనిచేయకపోయినా బిడ్డ కడుపులో పెరుగుతూనే ఉంటుంది, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, తల్లికి కదలికలు తెలుస్తుంటాయి. మరి బిడ్డ కిడ్నీలు చేసే పనేమిటంటే, ఉమ్మనీటిని తయారుచేయడం. 10 వారాల ప్రాంతంలో మూత్రం రావడం మొదలవుతుంది. 16 వారాలు దాటాక ఉమ్మనీటిలో అధిక భాగం బిడ్డ మూత్రమే. బిడ్డ దాన్ని మింగుతుంది, మళ్లీ మూత్రంగా వదులుతుంది, అదే నీరు ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి చోటిస్తుంది. ఆ నీరు లేకపోతే ఛాతీ నలిగి ఊపిరితిత్తులు ఎదగవు. ముఖం అణిగిపోతుంది, కాళ్లూ పాదాలూ వంకర తిరుగుతాయి. కిడ్నీలు పూర్తిగా చెడిన బిడ్డ పుట్టిన గంటల్లోనే పోవడానికి కారణం చాలాసార్లు కిడ్నీ కాదు, ఊపిరి అందకపోవడం. తల్లిదండ్రులకు ఈ సంగతి ముందే విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. చెప్పి తీరాలి.

దీని నుంచి తేలే రెండు లెక్కలు స్కాన్‌కు ఉపయోగపడతాయి. ఒకటి, 16 వారాల లోపు నీరు బాగానే ఉందంటే కిడ్నీలు బాగున్నట్టు కాదు, అప్పటి నీరు చాలావరకు వేరే దారుల్లో వచ్చింది. రెండు, కొత్త నెఫ్రాన్లు 34 నుంచి 36 వారాల దాకా పుడుతూనే ఉంటాయి, ఆ తరవాత ఒక్కటి కూడా పుట్టదు. అంటే 20 వారాలకు మనం చూస్తున్నది సగం కట్టిన కిడ్నీనే.

మంచి సెంటరులో కిడ్నీలను ఎలా చూస్తారు

టిఫాకు సరైన సమయం 18 నుంచి 22 వారాలు. నీళ్లు తాగి, మూత్రం ఆపుకుని కూర్చోనక్కర్లేదు. బిడ్డ మొత్తాన్ని సరిగ్గా చూడాలంటే అరగంట దాకా పడుతుంది. పది నిమిషాల్లో లేపేస్తే కిడ్నీల దగ్గర కొన్ని మెట్లు ఎగిరిపోయాయనే అనుకోవాలి.

మొదట అడ్డకోత. బిడ్డ వెన్నెముక తెరమీద పైకో కిందికో ఉండేలా ప్రోబ్ పెడితే, దానికి రెండు వైపులా కిడ్నీలు గుండ్రంగా కనిపిస్తాయి. వెన్నెముక పక్కకు ఉంటే దాని నీడలో రెండో కిడ్నీ మరుగున పడుతుంది. చాలా రిపోర్టుల్లో ఎడమ కిడ్నీ సరిగ్గా కనిపించలేదని రాసేది ఇందుకే. అప్పుడు తల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, లేదా పావుగంట నడిచి రమ్మనాలి. బిడ్డ తిరగ్గానే కిడ్నీ కనిపిస్తుంది. ఈ ఓపిక పట్టే సెంటరు మంచి సెంటరు.

అదే కోతలో మూత్రం పోగయ్యే పెల్విస్ వెడల్పు ముందు నుంచి వెనక్కి కొలుస్తారు. 28 వారాల లోపు 4 మిల్లీమీటర్ల కన్నా తక్కువ, 28 దాటాక 7 కన్నా తక్కువ ఉంటే కంగారు లేదు. కొలతను గోడ లోపలి అంచు నుంచి లోపలి అంచుకే తీయాలి. పక్క నుంచి చూసి కొలిస్తే అంకె తప్పుతుంది, కుటుంబానికి నెల రోజులు నిద్ర పోతుంది.

తరవాత నిలువుకోతలో పొడవు. ఒక సులువైన లెక్క ఉంది: వారాలు ఎన్నో కిడ్నీ పొడవు దాదాపు అన్ని మిల్లీమీటర్లు. 20 వారాలకు 20 కాస్త అటూ ఇటూగా, 30 వారాలకు 30 దాటి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడాకు అర్థం లేదు. పది తేడా ఉంటే ఉంది.

అసలు కీలకం తెలుపు. కిడ్నీ ఎంత తెల్లగా ఉందో విడిగా చూసి చెప్పకూడదు, పక్కనున్న కాలేయంతో ఒకే ఫ్రేములో, ఒకే లోతులో పోల్చాలి. ఐదో నెలకు మామూలు కిడ్నీ కాలేయమంత, లేదా దానికన్నా కాస్త నల్లగా ఉంటుంది. కాలేయం కన్నా స్పష్టంగా తెల్లగా ఉంటేనే అనుమానం. మెషీన్‌లో గెయిన్ (బొమ్మ వెలుగు) ఎక్కువ పెడితే అన్నీ తెల్లగానే కనిపిస్తాయి. హైపర్‌ఎకోయిక్ కిడ్నీస్, అంటే మామూలు కన్నా తెల్లటి కిడ్నీలు అని రాసిన రిపోర్టు చేతికొచ్చినప్పుడు ఆ ఫోటోలో కాలేయం కూడా ఉందా అని చూడండి. లేకపోతే రెండో అభిప్రాయం తీసుకునే దాకా ఆ మాటను ఖాయం చేసుకోవద్దు.

కిడ్నీ లోపల రెండు పొరల మధ్య తేడా కనిపిస్తోందా అన్నది ఇంకో గుర్తు. పై పొర కాస్త తెల్లగా, లోపలి పిరమిడ్లు నల్లగా ఉంటాయి. 20 వారాల తరవాత ఇది క్రమంగా తేటపడుతుంది. కొత్తవాళ్లు ఈ నల్లటి పిరమిడ్లను చూసి సిస్టులని (నీటితిత్తులని) రాసేస్తుంటారు. పిరమిడ్లు వరుసగా, ఒకే సైజులో, ఒకదానికొకటి సమాన దూరంలో ఉంటాయి. సిస్టులకు ఆ క్రమం ఉండదు.

మూత్రాశయం నిండిందా లేదా అన్నది తప్పనిసరిగా చూడాలి. బిడ్డ మూత్రాశయం సుమారు అరగంటకోసారి నిండి ఖాళీ అవుతుంది. ఒకసారి కనిపించకపోతే అరగంట ఆగి మళ్లీ చూడాలి. రక్తం పారే దారిని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ పెడితే దాని రెండు పక్కలా బొడ్డుతాడు ధమనులు వెళ్తూ కనిపిస్తాయి. అవి కనిపిస్తేనే అది మూత్రాశయమని, పొత్తికడుపులోని వేరే తిత్తి కాదని రూఢి.

కిడ్నీ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉందనిపిస్తే పెద్ద పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. ఆ ఖాళీలోకి పేగు జారి కిడ్నీలా కనిపిస్తుంది. పైనున్న అడ్రినల్ గ్రంథి కిడ్నీ ఒత్తిడి లేక చదునుగా పడుకుని, కిడ్నీని తలపిస్తుంది. డాప్లర్‌లో మహాధమని నుంచి రెండు వైపులా కొమ్మలు చీలుతున్నాయా అని చూస్తే చిక్కు విడిపోతుంది. కొమ్మ లేకపోతే కిడ్నీ లేదు, లేదా కిందెక్కడో పొత్తికడుపులో ఉంది. మూత్రాశయం పక్కన వెతికితే చాలాసార్లు దొరుకుతుంది. ఒక్క కిడ్నీతో పుట్టిన బిడ్డ, ఆ ఉన్నది బాగుంటే, నిండా బతుకుతుంది. రెండూ లేకపోతే 16 నుంచి 18 వారాలకల్లా నీరు పూర్తిగా ఇంకిపోయి ఉంటుంది.

చివరిగా నీటి కొలత. కడుపును నాలుగు భాగాలు చేసి తీసే ఏఎఫ్‌ఐ 5 సెంటీమీటర్ల కన్నా తగ్గినా, ఒక్క లోతైన చోట కొలిస్తే 2 కన్నా తగ్గినా నీరు తక్కువే. కొలిచే చోట బొడ్డుతాడు చుట్టలుండకూడదు. డాప్లర్ వేసి చూడకుండా కొలిస్తే తాడును కూడా నీటిలో కలిపేసి అంకె పెంచేస్తారు. నీరే లేనప్పుడు బొమ్మ మసకబారి, స్కాన్ అత్యవసరమైన చోటే బలహీనపడుతుంది. అలాంటప్పుడు ఫీటల్ ఎంఆర్‌ఐ కొంత సాయపడుతుంది.

ఇప్పుడు జబ్బుల వారీగా మార్కులు

ఏఆర్‌పీకేడీ: పుట్టకముందే రెండు కిడ్నీలూ సన్నటి తిత్తులతో నిండే జబ్బు ఇది. టిఫా మీద అతిగా నమ్మకం పెట్టుకుని నష్టపోయేది ఈ జబ్బు దగ్గరే. సుమారు 20 వేల కాన్పుల్లో ఒకరికి వస్తుంది. 6వ క్రోమోజోమ్ మీదున్న పీకేహెచ్‌డీ1 జన్యువు తల్లి వైపుదీ తండ్రి వైపుదీ రెండు ప్రతులూ చెడితేనే జబ్బు. ఒక్కటి చెడితే మనిషి నిక్షేపంగా ఉంటాడు, కిడ్నీ స్కాన్‌లోనూ సాధారణంగా ఏమీ కనిపించదు. దాదాపు 70 మందిలో ఒకరు ఇలా మోస్తుంటారు. ఇద్దరు మోసేవాళ్లు కలిస్తే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అపాయం. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి తరవాతి ముగ్గురికి రాదనే లెక్క తప్పు. ప్రతిసారీ నాలుగింట ఒకటే.

మేనరికంతో దీనికి ఉన్న సంబంధం మన కుటుంబాలకు సూటిగా తెలియాలి. బావామరదళ్లు తమ జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఒకే పూర్వీకుల నుంచి పంచుకుంటారు. మేనమామ, మేనకోడలు అయితే నాలుగో వంతు. తాతకో అమ్మమ్మకో ఉన్న ఒక చెడిన ప్రతి రెండు దారుల్లో కిందికి దిగి ఒకే బిడ్డలో కలుసుకునే వీలు అంత పెరుగుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, కోడలి తప్పు అసలే లేదు. ఇద్దరి దగ్గర నుంచీ చెరో ప్రతి వస్తేనే జబ్బు వస్తుంది. బయటి సంబంధమైనా రావచ్చు, అవకాశం తక్కువ.

స్కాన్‌లో ఇది కనిపించే తీరు విచిత్రం. కిడ్నీలో మూత్రం పారే నాళాలు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పుకు ఉబ్బుతాయి. విడివిడి తిత్తులుగా తెరమీద కనిపించేంత పెద్దవి కావు. కలకండ పలుకు అద్దంలా ఉండి, దంచితే తెల్లటి పొడి అయినట్టు, వేల సన్నటి గోడలు ఒక్కొక్కటీ శబ్దాన్ని వెనక్కి కొట్టేసరికి కిడ్నీ మొత్తం తెల్లగా వెలుగుతుంది. రెండు కిడ్నీలూ వారాలకు ఉండాల్సిన కొలత కన్నా బాగా పెద్దవై కడుపంతా ఆక్రమిస్తాయి, పొరల తేడా చెరిగిపోతుంది, నీరు తగ్గుతుంది. అంతా స్పష్టం, కానీ ఎప్పుడు? చాలామందిలో 24 వారాలు దాటాక, కొందరిలో ఏడో నెల తరవాత. ముందు బిడ్డకు ఈ జబ్బు ఉన్న కుటుంబంలో 20 వారాల టిఫా నార్మల్ అని సంబరపడి ఊరుకోవడం ప్రమాదం. 24, 28, 32 వారాలకు మళ్లీ కిడ్నీ పొడవు, తెలుపు, నీరు చూడాలి. ఈ జబ్బులో కాలేయం కూడా గట్టిపడుతుంది, అది గర్భస్థ స్కాన్‌లో తెలియదు.

టిఫాకు ఇక్కడ మేమిచ్చే మార్కులు సగానికి తక్కువ. ముందు బిడ్డలో జన్యు లోపం ఏదో పట్టుకుని ఉంటే మాత్రం స్కాన్ కోసం ఎదురుచూడక్కర్లేదు. 11 నుంచి 14 వారాల మధ్య మాయ నుంచి ముక్క తీసి, లేదా 15 వారాలు నిండాక 15, 20 మిల్లీలీటర్ల ఉమ్మనీరు తీసి నేరుగా ఆ లోపాన్నే వెతకొచ్చు.

ఏడీపీకేడీ: పెద్దవాళ్లలో కనిపించే నీటితిత్తుల జబ్బు ఇదే. ఎక్కువమందిలో 16వ క్రోమోజోమ్ మీది పీకేడీ1, కొందరిలో 4వ దాని మీది పీకేడీ2 చెడుతుంది. అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటే చాలు, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. నాన్నకు తిత్తులున్నాయి, టిఫాలో బిడ్డ కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి, కాబట్టి బిడ్డకు రాలేదు అని తేల్చేసుకునే వాళ్లే ఎక్కువ. ఆ లెక్క కుదరదు. ఈ జబ్బున్న బిడ్డల్లో అత్యధికుల కిడ్నీలు కడుపులో పూర్తిగా మామూలుగా ఉంటాయి. కొద్దిమందిలోనే కిడ్నీలు కాస్త పెద్దవిగా, పై పొర తెల్లగా, లోపలి పిరమిడ్లు నల్లగా, తేడా మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నీరు సాధారణంగా బాగానే ఉంటుంది. ఏఆర్‌పీకేడీలో ఆ తేడా చెరిగిపోతుందని పైన చెప్పాం, రెండింటినీ విడదీసే ఆనవాలు ఇదే.

పెద్ద తెల్ల కిడ్నీలు కనిపించిన రోజునే అమ్మానాన్నలిద్దరి కిడ్నీలూ స్కాన్ చేయడం అన్నిటికన్నా చవకైన, ఫలితమిచ్చే పని. పది నిమిషాలు చాలు. కుటుంబ చరిత్ర ఉన్నవాళ్లలో 15 నుంచి 39 ఏళ్ల మధ్య రెండు కిడ్నీల్లో కలిపి మూడు తిత్తులు కనిపిస్తే జబ్బు ఉన్నట్టే లెక్క. పాతికేళ్ల దంపతుల్లో ఇంకా తిత్తులు రాకపోయి ఉండొచ్చు, అందుకే తాతలను, అమ్మమ్మ నాయనమ్మలను కూడా పిలిచి చూడాలి. ఇంత చిన్న పనిని చెప్పని సెంటర్లు, రిపోర్టు ఇచ్చి పంపేసే సెంటర్లు చాలా ఉన్నాయి. మా దృష్టిలో సేవలో అతి పెద్ద లోటు ఇదే. ఇంకో మాట: పీకేడీ1 ఉన్నవాళ్లలో కిడ్నీలు చేతులెత్తేసేది సగటున యాభైల్లో, పీకేడీ2 అయితే డెబ్బైల్లో. ఈ జబ్బు వస్తుందేమోనని బిడ్డను వద్దనుకునే ముందు ఆ అంకె విని, నెఫ్రాలజిస్టుతో (కిడ్నీ డాక్టరుతో) ఒకసారి మాట్లాడాలి.

హెచ్‌ఎన్‌ఎఫ్1బీ: ఇదొక జన్యువు, దాని లోపంతో వచ్చే జబ్బుకూ అదే పేరు. పేరు ఎవరూ వినరు గానీ, వేరే లోపాలేవీ లేకుండా కడుపులో తెల్ల కిడ్నీలు కనిపించడానికి ముఖ్య కారణాల్లో ఇది ముందుంటుంది. కిడ్నీ సైజు దాదాపు మామూలే, అక్కడక్కడా చిన్న తిత్తులు. 17వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క మొత్తంగా ఎగిరిపోవడం వల్ల చాలామందిలో వస్తుంది, అందుకే ఉమ్మనీటి మీద మైక్రోఅరే (క్రోమోజోమ్‌లలో పోయిన ముక్కలను పట్టే పరీక్ష) చేస్తే దొరికే వీలుంది. సగం మందిలో తల్లిదండ్రుల్లో ఎవరికీ ఉండదు, బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. మిగతా సగంలో నాన్నకో అమ్మకో చిన్న వయసులో వచ్చిన షుగరే దీని జాడ కావచ్చు. కుటుంబంలో ఎవరికైనా పాతికేళ్లకే షుగర్ వచ్చిందా అని అడిగే స్కానింగ్ డాక్టరు దొరికితే అదృష్టం.

మెకెల్ గ్రూబర్: ఇక్కడ మాత్రం స్కాన్‌కు పూర్తి మార్కులు. తల వెనక సంచిలా మెదడు బయటికి రావడం, ఆరు వేళ్లు, పెద్ద తిత్తుల కిడ్నీలు, ఈ మూడూ కలిసి కనిపిస్తాయి. మూడో నెల ఎన్‌టీ స్కాన్‌లోనే, అంటే 11 నుంచి 14 వారాలకే పట్టొచ్చు. నీరు తగ్గకముందే వేళ్లు లెక్కపెట్టడం సులువు, 20 వారాలకు నీరు ఇంకిపోయాక వేళ్లు కనపడవు. ముందు బిడ్డకు ఉంటే ఎన్‌టీ స్కాన్ తప్పకుండా చేయించుకోవాలి. తెల్ల కిడ్నీలు, ఆరు వేళ్లు మాత్రమే ఉండి తల బాగుంటే బార్డెట్ బీడ్ల్ అనే మరో జబ్బును ఆలోచిస్తారు. ఇవి కూడా నాలుగింట ఒక వంతు లెక్కవే.

బార్టర్ సిండ్రోమ్‌లో అన్నీ తలకిందులు. కిడ్నీ ఉప్పును పట్టి ఉంచలేక నీటిని విపరీతంగా వదిలేస్తుంది, ఉమ్మనీరు తగ్గాల్సింది పోయి పొంగిపోతుంది. కిడ్నీలు చూడ్డానికి మామూలుగానే ఉంటాయి. కారణం దొరకని ఎక్కువ నీరు అనగానే తల్లికి షుగర్ పరీక్ష చేసి ఆపేస్తారు. ప్రతి కాన్పులోనూ అదే జరుగుతుంటే దీన్ని గుర్తుచేసుకోవాలి.

ఇక స్కాన్ ఎంత బాగా చేసినా కనిపించనివి: ఆల్‌పోర్ట్, సిస్టినోసిస్, బాల్యంలో వచ్చే నెఫ్రోనోఫ్తిసిస్‌లో ఎక్కువ రకాలు. కిడ్నీ ఆకారం చెడకుండా లోపలి పని మాత్రమే చెడే జబ్బులివి. ఉద్దానం ప్రాంతంలో పెద్దవాళ్లకు వచ్చే కిడ్నీ జబ్బు గురించీ కొందరు గర్భిణులు అడుగుతుంటారు. అది కడుపులోని బిడ్డ స్కాన్‌లో తేలే సంగతి కాదు.

జన్యుపరం అనిపించినా కానివి

ఒక కిడ్నీ మొత్తం ఒకదాంతో ఒకటి కలవని తిత్తులతో నిండి, రెండోది బాగుంటే అది మల్టీసిస్టిక్ డిస్‌ప్లాస్టిక్ కిడ్నీ. సాధారణంగా వంశపారంపర్యం కాదు. ఆ కిడ్నీ పనిచేయదు, క్రమంగా కుంచించుకుపోతుంది, రెండోది పని అందుకుంటుంది. పాలీసిస్టిక్, మల్టీసిస్టిక్ అనే రెండు పేర్లను రిపోర్టులో తారుమారు చేస్తే ఒక కుటుంబం బతుకే తలకిందులవుతుంది, కాబట్టి ఆ పదాన్ని రెండుసార్లు చదవండి.

పెల్విస్ కాస్త ఉబ్బడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది, ఎక్కువమందిలో దానంతటదే సర్దుకునేది. మూత్రాశయం పెద్దదై తాళం చెవి రంధ్రం ఆకారంలో కిందికి సాగితే మూత్రనాళానికి అడ్డం ఉందని అర్థం. దానికి ముఖ్య కారణమైన వాల్వులు, అంటే మూత్రనాళంలో అడ్డుపడే పొరలు, మగపిల్లల్లోనే వస్తాయి. మన దేశంలో 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం బిడ్డ లింగం మాటతో గానీ సైగతో గానీ చెప్పడం నేరం. అందుకే మూత్రం దారి కింది భాగంలో అడ్డంకి అనే వరకే రాస్తారు. గుచ్చి గుచ్చి అడగొద్దు.

సేవ సంగతులు

స్కాన్‌కు ముందు ఫారం ఎఫ్ (ఆ చట్టం ప్రకారం గర్భిణి, స్కాన్ వివరాలు రాసే పత్రం) నింపించాలి, గుర్తింపు కార్డు అడగాలి. వద్దనే సెంటరు నుంచి లేచి వచ్చేయండి. 4డీలో బిడ్డ ముఖం ఫోటోకు అదనంగా తీసుకునే డబ్బు కిడ్నీల విషయంలో దండగ, కిడ్నీలు మామూలు 2డీ బొమ్మలోనే బాగా తెలుస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2022 చివర్లో సర్కారు ఆసుపత్రుల్లో టిఫా మెషీన్లు పెట్టింది. తొలి స్కాన్‌కు అక్కడికే వెళ్లొచ్చు. అనుమానం వచ్చాక, లేదా ముందు బిడ్డ చరిత్ర ఉంటే, ఫీటల్ మెడిసిన్ నిపుణులు చూడాల్సిందే.

రిపోర్టులో కిడ్నీల దగ్గర కిడ్నీస్ నార్మల్ అని రెండు ముక్కలుంటే అది సగం రిపోర్టు. రెండు కిడ్నీల పొడవు విడివిడిగా, పెల్విస్ కొలత, కాలేయంతో పోల్చిన తెలుపు, పొరల తేడా, మూత్రాశయం, నీటి కొలత ఉండాలి. లేనివి అక్కడే అడిగి రాయించుకోండి. తరవాతి స్కాన్‌లో పోల్చడానికి అంకెలే పనికొస్తాయి.

డబుల్ మార్కర్, ఎన్‌ఐపీటీ రక్తపరీక్షలు నార్మల్ వచ్చాయని ఈ జబ్బుల భయం వదిలేయొద్దు. అవి చూసేది క్రోమోజోమ్‌ల లెక్కను, ఒక్కో జన్యువులోని లోపాన్ని కాదు. జన్యు పరీక్షకు ముందు జెనెటిక్స్ సలహా తీసుకోవాలి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో జన్యుజబ్బుల పరీక్షలు చేస్తారు. ఫలితానికి వారాలు పట్టొచ్చు, అందుకే కాలం లెక్క ముందే వేసుకోవాలి. 2021 సవరణ తరవాత చట్టం ప్రకారం బిడ్డలో తీవ్ర లోపం ఉంటే 20 నుంచి 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో, ఆ తరవాత మెడికల్ బోర్డు అనుమతితో గర్భస్రావానికి వీలుంది. 22 వారాలకు టిఫాకు వెళ్లి, 23కు ఉమ్మనీరు తీయించుకుంటే ఆలోచించుకునే వ్యవధే మిగలదు. చరిత్ర ఉన్నవాళ్లు 18 వారాలకే వెళ్లాలి.

బిడ్డ దక్కకపోతే గుండె రాయి చేసుకుని చేయించాల్సిన పని ఒకటుంది. బొడ్డుతాడు రక్తం రెండు మూడు మిల్లీలీటర్లు ఈడీటీఏ గొట్టంలో (రక్తం గడ్డకట్టకుండా ఉంచే గొట్టం), లేదా చిన్న చర్మపు ముక్క శుభ్రమైన సెలైన్‌లో తీయించి డీఎన్‌ఏ దాచమని అడగాలి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ పాడైపోతుంది, లేబర్ రూములో అలవాటు కొద్దీ అందులోనే వేసేస్తారు. ఆ నమూనా లేకపోతే తరవాతి కాన్పులో ఏ లోపాన్ని వెతకాలో తెలియక మళ్లీ స్కాన్ మీదే ఆధారపడాల్సి వస్తుంది.

కాన్పు దాకా వచ్చిన బిడ్డకు, కిడ్నీలు పెద్దవిగా, నీరు తక్కువగా ఉంటే, వెంటిలేటరు ఉన్న ఎన్‌ఐసీయూ (అప్పుడే పుట్టిన బిడ్డల ఐసీయూ) పక్కనే కాన్పు జరగాలి. ఏఆర్‌పీకేడీ బిడ్డల్లో మొదటి నెల గట్టెక్కిన వాళ్లలో ఎక్కువమంది బతుకుతారు. పెల్విస్ ఉబ్బు మాత్రమే ఉన్న బిడ్డకు పుట్టిన 48 గంటల లోపు స్కాన్ చేయించొద్దు, మొదటి రెండు రోజులు మూత్రం తక్కువగా వస్తుంది కాబట్టి ఉబ్బు లేనట్టే కనిపించి మోసం చేస్తుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా అంతే. తొలిరోజు రక్తంలో ఉండేది చాలావరకు తల్లిదే. బిడ్డ కిడ్నీల అసలు అంకె కోసం కొన్ని రోజుల తరవాత మళ్లీ చేయించాలి, ఒక్క అంకె కాకుండా అది తగ్గుతోందా పెరుగుతోందా అన్నది చూడాలి.